పాత వెబ్లీ డబుల్ బ్యారెల్: కొనేముందు ఏం చూడాలి, బట్ పాలిష్ ఎలా చేయాలి?

కొత్త_12బోర్, మెహదీపట్నం:
లైసెన్స్ చేతికొచ్చింది, అందులో ఆయుధం ఇంకా ఎక్కలేదు. సికింద్రాబాద్‌లో లైసెన్స్ ఉన్న ఒక పెద్దాయన తన వెబ్లీ అండ్ స్కాట్ 12 బోర్ డీబీబీఎల్ (మడిచి వెనక నుంచి తూటాలు నింపే రెండు బ్యారెళ్ల తుపాకి) ఇస్తానంటున్నారు. బాక్స్‌లాక్ (పేల్చే యంత్రాంగం లోహపు పెట్టె లోపలే ఉండే రకం), నాన్ ఎజెక్టర్ (ఖాళీ తూటాలను తనంతట బయటికి విసరదు), 30 అంగుళాల బ్యారెళ్లు. బర్మింగ్‌హామ్ ప్రూఫ్ (బ్యారెల్ బలం పరీక్షించిన) ముద్రలు కనిపిస్తున్నాయి. బట్‌లో (భుజానికి ఆనించే చెక్కలో) యాక్షన్‌కు, అంటే యంత్రాంగం ఉన్న లోహ భాగానికి, ఆనుకున్న చోటు నూనె పీల్చి నల్లబడింది, పైన వార్నిష్ పెచ్చులుగా లేస్తోంది, బ్యారెళ్ల మీద అక్కడక్కడ ఎర్ర తుప్పు. కొనేముందు ఏం చూడాలి? తర్వాత బట్ పాలిష్, బ్లూయింగ్ (బ్యారెళ్లకు నీలిరంగు పట్టించడం) నేనే చేసుకోవచ్చా? వడ్రంగి మెలమైన్ కొట్టిస్తే అద్దంలా ఉంటుందంటున్నాడు.

బోర్‌గేజ్:
ముందు కాగితాలు. లైసెన్స్ ఉన్న మనిషి నుంచి నేరుగా కొంటే ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం అమ్మేవారు తన ఉద్దేశాన్ని లైసెన్సింగ్ అధికారికో దగ్గరి పోలీస్ స్టేషన్‌కో రాతపూర్వకంగా తెలపాలి, ఆ తర్వాత కనీసం 45 రోజులు గడవాలి. ఈలోపు తుపాకి చేతులు మారకూడదు, "చూసి ఇచ్చేస్తా" అని ఇంటికి తెచ్చుకోవడం కూడా వద్దు. లైసెన్స్ ఉన్న డీలర్ ద్వారా వెళ్తే లెక్క శుభ్రంగా ఉంటుంది. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే. ఇంట్లో వారసత్వంగా రావలసినది ఉంటే దాన్నీ లెక్కలో వేసుకోండి.

ఇక తుపాకి. బ్యారెళ్లు విప్పి, వెనక చివర కింద చదునుగా ఉండే ఫ్లాట్ల మీద ముద్రలు చదవండి. బర్మింగ్‌హామ్‌లో 1904 తర్వాతివైతే కిరీటం కింద బీపీ, బీవీ, ఎన్‌పీ అక్షరాలుంటాయి. ఎన్‌పీ ఉంటే నైట్రో పొడికి (ఇప్పటి తూటాల్లోని పొగరాని మందుకు) పరీక్షించినట్టు. 1954 తర్వాతివైతే బీఎన్‌పీ, దానితో టన్నుల్లో పీడనం. బోర్ (బ్యారెల్ లోపలి వ్యాసం) కొలత కూడా ఉంటుంది: పాత పద్ధతిలో 12 అంటే 0.729 అంగుళం, 13/1 అంటే 0.719, 12/1 అంటే 0.740. 12 అని ముద్ర ఉండి ఇప్పుడు 0.740కి చేరితే లోపల గట్టిగా రుద్దేశారన్నమాట, బ్రిటిష్ లెక్కలో అది ప్రూఫ్ దాటిపోయినట్టే. బ్యారెల్ గోడ మందం ఎక్కడా 20 థౌ (అంగుళంలో వెయ్యోవంతులు), అంటే సుమారు అర మిల్లీమీటర్, కంటే తక్కువ ఉండకూడదన్నది అందరూ పట్టుకునే హద్దు. వెర్నియర్‌తో మూతి దగ్గరే కొలవగలరు, నడుమ కొలవాలంటే వాల్ థిక్‌నెస్ గేజ్ ఉన్న గన్‌స్మిత్ దగ్గరికే పోవాలి.

ఛాంబర్ (తూటా కూర్చునే గది) పొడవు 2½ అంగుళాలైతే 70 మి.మీ. తూటాలు వేయొద్దు. పెట్టె మీద రాసే పొడవు పేలిన తర్వాతిది. పేలకముందు చక్కగా దిగుతుంది, అదే మోసం. పేలినప్పుడు తూటా మూతి విచ్చుకొని ముందున్న ఇరుకులోకి చొరబడి పీడనం పెంచుతుంది. ఛాంబర్ పొడవు పెంచమని ఎవరికీ ఇవ్వకండి.

బిగుతు కూడా చూసుకోండి. ఫోర్‌ఎండ్ (బ్యారెళ్ల కింద చేత్తో పట్టుకునే చెక్క) తీసి, మూసిన బ్యారెళ్లను పక్కలకు, పైకీ కిందికీ ఊపండి. ఫోర్‌ఎండ్ ఉంచితే దాని స్ప్రింగ్ వదులును దాచేస్తుంది. బ్యారెళ్లను లంప్ (యాక్షన్‌లోకి దిగే కింది కొక్కెం) దగ్గర వేలుకు వేలాడదీసి గోటితో తట్టండి: గంటలా మోగితే రిబ్‌లు (రెండు బ్యారెళ్లను కలిపే పట్టీలు) గట్టిగా ఉన్నాయి, డప్పుడప్పుమంటే ఎక్కడో టంకం విడిచింది.

చెక్కపని_శంషాబాద్:
ఒక్క మాట ముందే. వార్నిష్ తీయడం, నూనె పట్టించడం వరకు ఇంట్లో చేసుకోండి. లాక్‌లు (పేల్చే యంత్రాంగం), బ్యారెళ్ల మీద పని 'రిపేర్' కిందికి వస్తుంది, దానికి లైసెన్స్ కావాలి. బట్ విప్పడం కూడా గన్‌స్మిత్‌తోనే చేయించండి. బాక్స్‌లాక్ స్క్రూ గాట్లు చాలా సన్నం. మామూలు స్క్రూడ్రైవర్ మొన పలచబడుతూ పోతుంది కాబట్టి పైకి జారి గాటు అంచులు చీలుస్తుంది. లోపలికి గుంట చెక్కిన, గాటుకు సరిగ్గా సరిపోయే బిట్ కావాలి. మంచి బ్రిటిష్ తుపాకుల్లో గాట్లన్నీ బ్యారెల్ పొడవు దిశలో వరుసగా ఉంటాయి. ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి. తిరిగి బిగించాక వరుస దాటిపోతే చెక్క నలిగిందని అర్థం.

నలుపు విషయం. అది రంగు కాదు, ఏళ్ల తరబడి లాక్‌ల్లో పోసిన గన్ ఆయిల్. మెత్తబడిన చెక్క ప్రతి దెబ్బకూ కుంగి చివరికి తల దగ్గర, అంటే యాక్షన్‌కు ఆనే చివర, చీలుతుంది. అందుకే పాలిష్ కంటే ముందు నూనె లాగాలి. సుద్ద పొడిని అసిటోన్‌తో దోసె పిండిలా కలిపి పూయండి, ఎండాక బ్రష్‌తో దులపండి. పొడి గోధుమ రంగులోంచి తెల్లగా వచ్చేదాకా మళ్లీ మళ్లీ. గాలి ఆడే చోట, పొయ్యి దగ్గర కాకుండా. ఎండలో పెడితే నూనె బయటికి త్వరగా వస్తుంది కానీ మన ఏప్రిల్ ఎండలో గంటల తరబడి వదిలేస్తే అక్రోట్ చెక్క పగుళ్లిస్తుంది.

పాత పూత ఏదో ముందు తెలుసుకోండి. స్పిరిట్‌లో ముంచిన దూదితో ఒక మూల రుద్దితే మెత్తబడి అంటుకుంటే అది లక్క పాలిష్, స్పిరిట్‌తోనే పోతుంది. కరగకపోతే పెయింట్ రిమూవర్. చెకరింగ్‌కు (పట్టు కోసం చెక్కిన గళ్ల గీతలకు) ముందు టేప్, తర్వాత టూత్‌బ్రష్. దాని మీద ఎమరీ కాగితం పెట్టారంటే గీతలన్నీ పోతాయి.

ఎమరీ ఎక్కడా లోహపు అంచు దగ్గర వద్దు. అసలు తయారీలో చెక్క లోహం కంటే వెంట్రుకవాసి పైకి ఉంటుంది. అది కిందికి పోయాక తిరిగి తేవడం ఉండదు. లొత్తలకు తడి గుడ్డ వేసి ఇస్త్రీ పెట్టెతో ఆవిరి పట్టండి, నొక్కుకున్న పీచు లేస్తుంది. చీలి పోయినది లేవదు. తర్వాత మొత్తం తడిగుడ్డతో తుడిచి ఆరనిస్తే పీచు నిక్కబొడుచుకుంటుంది, 400 ఎమరీతో తేలిగ్గా కోసేయండి. రెండు మూడు సార్లు చేశాక ఇక లేవదు.

రంగుకు రతన్‌జోత్. బేగంబజార్ మూలికల కొట్లలో వేరు దొరుకుతుంది. పొడి కాకుండా వేరునే అడగండి, ఎందుకంటే ఆ పేరుతో వేరే సరుకు కూడా అమ్ముతారు. 250 మి.లీ. డబుల్ బాయిల్డ్ అవిసె నూనెలో 30 గ్రాములు వేసి పది రోజులు ఉంచితే ముదురు ఎరుపు దిగుతుంది. ఇంట్లో వంటకు వాడే పచ్చి అవిసె నూనె వారాల తరబడి ఆరదు. మొదటి రెండు పూతలకు 600 ఎమరీని ఆ నూనెలోనే తడిపి రుద్దితే వచ్చే గుజ్జు రంధ్రాల్లో కూరుకుంటుంది. తర్వాత అరచేతితో పలచగా పట్టించి పది నిమిషాలకు తుడిచేయాలి. పూతకు పూతకు కనీసం ఒక రోజు, ఎనిమిది పన్నెండు పూతలు. జిడ్డుగా ఉందంటే ఎక్కువ పోశారు.

ఆ గుడ్డలు ముద్దగా చెత్తబుట్టలో వేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి చిక్కుకొని వాటంతటవే అంటుకుంటాయి. బయట విడిగా పరిచి ఆరేయండి, లేదా నీళ్లలో వేయండి.

రాణిగంజ్_టూల్స్:
అన్నా, ఇంత కష్టమెందుకు? మెలమైన్ రెండు కోట్లు స్ప్రే చేస్తే అయిపోతుంది కదా.

చెక్కపని_శంషాబాద్:
అవుతుంది. తర్వాత ఒక గీత పడితే మొత్తం తీసి మళ్లీ వేయాలి. నూనె పూతైతే అక్కడ మాత్రమే రెండు చుక్కలు రుద్దితే కలిసిపోతుంది. పైగా నూనె తాగిన చెక్క మీద మెలమైన్ పట్టదు, ఆరు నెలల్లో బొబ్బలెత్తుతుంది. వడ్రంగి తప్పేం లేదు, ఆయన చేసేది అల్మరాకు.

నీలిరంగు_బ్యారెల్:
బ్లూయింగ్ గురించి ఎవరూ చెప్పలేదు. సైడ్ బై సైడ్‌కు, అంటే బ్యారెళ్లు పక్కపక్కన ఉన్న ఇలాంటి తుపాకికి, వేడి బ్లూయింగ్ చేయించకండి. రెండు బ్యారెళ్లూ రిబ్‌లూ సీసం, తగరం టంకంతో అతికి ఉంటాయి. 140 డిగ్రీల దగ్గర మరిగే కాస్టిక్ సోడా ఆ టంకాన్నే తినేస్తుంది. పైగా రిబ్ కింద ఇరుక్కున్న ఆ ద్రావణపు ఉప్పు నెలల తర్వాత లోపలి నుంచి తుప్పు తెస్తుంది. అతుకులు మంచిగా కనిపిస్తూనే ఒకరోజు రిబ్ లేస్తుంది. వీటికి సరైనది రస్ట్ బ్లూయింగ్: పలుచగా తుప్పు పట్టించి, శుద్ధ నీటిలో మరిగించి, మెత్తని వైర్ బ్రష్‌తో గీకి, మళ్లీ పట్టించడం. నెమ్మదిగా సాగే పని కాబట్టి కూలీ ఎక్కువ. మీ బ్యారెళ్లకు ఎర్ర తుప్పు మాత్రమే అయితే అది కూడా వద్దు. నూనె, 0000 స్టీల్ ఊల్‌తో (అతి సన్నని ఉక్కు పీచుతో) తేలిగ్గా రుద్దితే తుప్పు పోయి కింద పాత నీలం మిగులుతుంది.

బఫింగ్ మెషీన్ అసలే వద్దు. నంబర్, ముద్రలు అరిగిపోతే అందం చెడడం ఒక్కటే కాదు, గుర్తింపు గుర్తులు లేని తుపాకిని అమ్మడం, వేరొకరికి బదిలీ చేయడం ఆయుధాల చట్టం 8వ సెక్షన్ కింద నేరం. లైసెన్స్‌లో రాసిన నంబర్ తుపాకి మీద చదవలేకపోతే రెన్యువల్‌లో జవాబు చెప్పుకోవాల్సింది మీరే.

కొత్త_12బోర్, మెహదీపట్నం:
ధన్యవాదాలు అందరికీ. ఇంకొక్కటి: వానాకాలంలో మొదలుపెట్టొచ్చా?

చెక్కపని_శంషాబాద్:
ఎందుకు పెట్టడం? ఆ తేమకు నూనె రెండు మూడు రోజులైనా ఆరదు. దసరా దాటాక పెట్టుకోండి, ఫిబ్రవరి దాకా గాలి పొడిగా ఉంటుంది. ఈలోపు ఆ 45 రోజుల నోటీసు పని ముగించండి. ఎన్నికల కోడ్ వచ్చే సూచన ఉంటే అది ముగిసే వరకూ పాలిష్ ఆపండి. స్టేషన్‌లో డిపాజిట్ చేయాల్సి వస్తే సగం పూత పట్టిన బట్ గుడ్డలో చుట్టి ఉండి దానికే అతుక్కుపోతుంది.