నాన్నగారి 1968 ఫియట్: ఆర్సీ 1999తో ఆగిపోయింది, ముందు పెయింటా, ముందు పేపర్లా?

పాత_డిక్కీ:
అందరికీ నమస్కారం. కాకినాడలో మా ఇంటి వెనక రేకుల షెడ్డులో నాన్నగారి ఫియట్ 1100డి ఉంది, మూడక్షరాలు నాలుగంకెల పాత నంబర్. నాన్నగారు పోయి ఆరేళ్లయింది. ఆర్సీ పుస్తకం దొరికింది కానీ చెదలు పట్టి లోపలి పేజీ జల్లెడలా ఉంది, చివరి రెన్యువల్ ముద్ర 1999 వరకే. నేనుండేది హైదరాబాద్‌లో. టింకర్ పని మాట్లాడేశాను, వచ్చే నెల మొదలు. బండి తయారయ్యాక పేపర్లు చూసుకోవచ్చు అంటున్నాడు మెకానిక్. వింటేజ్ రిజిస్ట్రేషన్ అని వచ్చిందట కదా, నేరుగా దానికే పెట్టేస్తే పాత గొడవలన్నీ పోతాయా?

బెజవాడ_అంబీ:
ముందు ఆ టింకర్‌ని ఆపండి బాబూ. నేను అంబాసిడర్‌కి ఇదే తప్పు చేశాను. మావాడు పుట్టీ పెట్టి ప్రైమర్ కొట్టి బానెట్ లోపల కూడా అద్దంలా చేశాడు, ఛాసిస్ నంబర్ మీద కూడా! బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు టార్చ్ వేసి ఇటు చూసి అటు చూసి "నంబరేదండీ?" అన్నారు. దాన్ని బయటికి తీస్తానని మావాడు గ్రైండర్ పెట్టేసరికి ఒక అంకె సగం లేచిపోయింది. ఆ సగం అంకెకి ఎనిమిది నెలలు తిరిగాను.

మీరు చేయాల్సింది ఇదీ: ఆ చోటుని కిరోసిన్ గుడ్డతో తుడవండి, పెయింట్ ఉంటే రిమూవర్ రాసి మెత్తగా తీయండి, ఎమరీ పేపర్ జోలికి పోవద్దు. పల్చటి తెల్లకాగితం టేపుతో అతికించి పెన్సిల్‌ని అడ్డంగా పట్టుకుని రుద్దితే నంబర్ తేలుతుంది. నాలుగైదు ప్రింట్లు తీసి పెట్టుకోండి, ఇంజన్ నంబర్‌కీ అంతే. తేదీ పడేలా ఫోటోలు కూడా. అంకె అరిగిపోయి ఉంటే అలాగే ఉంచండి. ఎవడో ఆ అంకెని మళ్లీ పంచ్ కొట్టిపెడతానంటాడు, కొట్టించారంటే అది ట్యాంపరింగ్ కింద లెక్క, కేసు.

హెరాల్డ్_మామ:
వింటేజ్ సంగతి నేను చెప్తా, మా స్టాండర్డ్ హెరాల్డ్‌కి ఆ రూల్స్ అన్నీ చదివాను. 2021 జులైలో కేంద్రం తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటి ఉండాలి, సొంత వాడకం బండి అయ్యుండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. ఫారం 20తో పెట్టాలి, ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత ఐదేళ్లకోసారి 5,000. కొత్తగా ఇస్తే నంబర్‌లో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ వస్తుంది, ఇప్పటికే రిజిస్టరై ఉన్న బండికి పాత నంబర్ ఉంచుకోవచ్చు. రాష్ట్ర కమిటీ బండిని చూసి ఒప్పుకోవాలి.

అయితే అసలు మెలిక ఇక్కడుంది. వింటేజ్ అయ్యాక రోజూ తిప్పడానికి కుదరదు. ర్యాలీ, ఎగ్జిబిషన్, పెట్రోలు, రిపేరు, అంతే. ఆదివారం పిల్లల్ని ఎక్కించుకుని సామర్లకోట వెళ్లొస్తానంటే మామూలు రెన్యువలే మీకు నయం. పైగా వింటేజ్‌కి కూడా ఆర్సీ అడుగుతారు, అది నాన్నగారి పేరు మీదే ఉంది. పాత గొడవలు ఎక్కడికీ పోవు.

ఒక్క లాభం: 2022 రేట్లలో వింటేజ్‌గా రిజిస్టరైన కార్లకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ప్రీమియం సగానికి సగం. మీది 1089 సీసీ, మామూలుగా 3,416 అయితే 1,708కే వస్తుంది. (20,000 కట్టి 1,708 మిగుల్చుకోవడం, మా ఆవిడ దీనికి నవ్విన నవ్వు ఇంకా చెవుల్లోనే ఉంది.)

పాత_డిక్కీ:
మామా, ఇంజన్ అనగానే భయమేసింది. నాన్నగారు 1980ల్లో ఇంజన్ మార్పించారని అమ్మ అంటోంది, అదీ ఫియట్ ఇంజనే. ఆర్సీలో ఎక్కించారో లేదో తెలీదు.

కడప_కార్బురేటర్:
అన్నా, ఇప్పుడు ఇంజన్ మీద ఉన్న నంబర్, ఆర్సీలో ఉన్న నంబర్ ఒకటేనా చూడు ముందు. వేరైతే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52, ఇంజన్ మార్చాలంటే ముందే పర్మిషన్ ఉండాలి. అప్పట్లో ఎవరు తీసుకున్నారులే. ఆ పాత బిల్లు ఏమన్నా ట్రంకు పెట్టెలో ఉందేమో వెతుకు, షెడ్డు వాడు రాసిచ్చిన చీటీ అయినా సరే. మాకు పుస్తకం మొత్తం పోయింది. ఏజెంట్ 15,000 అడిగినాడు, మేము ఇయ్యలేదు. బి-రిజిస్టర్ ఎక్స్‌ట్రాక్ట్ (అంటే ఆఫీసు లెడ్జర్‌లో మన బండి వివరాల నకలు) కోసం ఆర్టీఓ ఆఫీసులో అర్జీ పెట్టినాం, రెండు నెలలు పలకలేదు, అప్పుడు పది రూపాయల పోస్టల్ ఆర్డర్ పెట్టి ఆర్టీఐ వేస్తే 28వ రోజు ఫోన్ వచ్చింది. ఆ పెద్ద లెడ్జర్‌లో మా తాత సంతకం ఉండాది, నీలం సిరాతో. క్లర్కు కూడా కాసేపు చూస్తా ఉండిపోయినాడు.

రేకుల_షెడ్డు:
నాదో విచిత్రం. ఆర్సీ అంతా బాగుంది, కానీ ఎప్పుడో 70ల్లో తీర్చేసిన లోన్ హైపోథికేషన్ (బండి ఫైనాన్స్ వాళ్లకి తాకట్టు ఉందన్న రాత) కొట్టేయలేదు. ఫారం 35 మీద ఫైనాన్స్ వాళ్లు సంతకం పెట్టాలి, ఆ కంపెనీయే లేదు. మీ పుస్తకంలో ఆ కాలమ్ చూసుకున్నారా?

ఇంకోటి, బండిని నాన్నగారి పేరు నుంచి మీ పేరు మీదకి మార్చడానికి ఫారం 31, డెత్ సర్టిఫికెట్, ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, అమ్మగారూ తోబుట్టువులూ అభ్యంతరం లేదని నోటరీ అఫిడవిట్. అక్కాచెల్లెళ్లు ఎక్కడున్నారో కూడా చూసుకోండి, మా చెల్లి డల్లాస్‌లో ఉంది, ఆ ఒక్క కాగితానికే రెండు నెలలు. ఆరేళ్లు ఆలస్యం అన్నారు కాబట్టి అపరాధ రుసుము ఉంటుంది, అది కట్టేయడమే.

బెజవాడ_అంబీ:
హైదరాబాద్‌కి తీసుకెళ్లే ఆలోచన ఉంటే ఇవన్నీ కాకినాడలోనే తేల్చుకుని, ఆ తర్వాతే ఫారం 28తో ఎన్ఓసీ (బండిని వేరే ఆర్టీఓకి మార్చుకోడానికి అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోండి. సగం పనిలో ఎన్ఓసీ తీసుకుంటే అక్కడివాళ్లు ఇక్కడికి, ఇక్కడివాళ్లు అక్కడికి పంపుతారు. తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కూడా లెక్కేసుకోండి. ఇన్‌స్పెక్షన్‌కి మాత్రం నడుపుకుంటూ వెళ్లొద్దు, ట్రక్కు మీదే ఎక్కించండి. ఆన్‌లైన్‌లో రికార్డు ఎక్కించమని కూడా అప్పుడే అడగండి, లేకపోతే పొల్యూషన్ సెంటర్ కుర్రాడు నంబర్ కొట్టి "రికార్డే లేదు సార్, ఇది నిజం బండేనా" అంటాడు. నన్నన్నాడు.

పాత_డిక్కీ:
శనివారం కాకినాడ వెళ్లొచ్చాను. కిరోసిన్, పెన్సిల్, అన్నీ మీరు చెప్పినట్టే. ఛాసిస్ నంబర్ చక్కగా తేలింది, కానీ చివర్నించి రెండో అంకె 3 అని నేను, 8 అని తమ్ముడు. ఆర్సీలో చూద్దామంటే సరిగ్గా ఆ అంకె దగ్గరే చెదపురుగు కన్నం పెట్టింది! ఇంజన్ నంబర్ వేరే, అనుకున్నదే. వింటేజ్ ఆశ వదిలేశాను, మామూలు రెన్యువలే. హైపోథికేషన్ కాలమ్ ఖాళీ, బతికిపోయాను. సోమవారం బి-రిజిస్టర్‌కి అర్జీ ఇచ్చి వచ్చాను, రసీదు దగ్గరుంది. టింకర్‌కి ఆగమని చెప్తే అడ్వాన్స్ తిరిగివ్వనన్నాడు. దాన్ని డిక్కీ తుప్పు పనికి జమ వేసుకో, బానెట్ మాత్రం ఎత్తొద్దు అని చెప్పి, షెడ్డు తాళంచెవి అమ్మకిచ్చి వచ్చాను.