తక్కువ ధర టూ-ఇన్-వన్ లాప్‌టాప్: మడత కోసం అంత వదులుకోవచ్చా?

నీలిసిరా

ఎనిమిది నెలలుగా తక్కువ ధర టూ-ఇన్-వన్ వాడుతున్నాను. తెర పూర్తిగా వెనక్కి తిరిగి టాబ్లెట్‌లా మారే రకం. 14 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టచ్‌స్క్రీన్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, కిలోన్నర బరువు, పెట్టెలోనే ఒక పెన్. ఇప్పుడు మా చెల్లి కాలేజీకి అలాంటిదే కావాలంటోంది. వెంటనే సరే అనలేకపోయాను. వద్దనడానికీ మనసు రాలేదు. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ముందు నా అనుభవం. పీడీఎఫ్ తెరిచి, తెర మడిచి, పెన్‌తో పక్కన రాసుకుంటూ చదవడం ఈ లాప్‌టాప్ నాకిచ్చిన అతి పెద్ద సుఖం. ప్రింట్లు తీసుకోవడం మానేశాను. బ్రౌజర్‌లో పది పన్నెండు ట్యాబ్‌లు, రాత పని, వీడియో కాల్స్, వీటికి ఎక్కడా ఇబ్బంది పెట్టలేదు.

ఇబ్బందల్లా తెరతోనే. బ్రైట్‌నెస్ 250 నిట్స్ (తెర వెలుగు కొలత) అని రాసి ఉంది. గదిలో సరిపోతుంది. కిటికీ పక్కన కూర్చుంటే మాత్రం పైనున్న గాజు అద్దంలా మారిపోయి వెనక వెలుతురంతా అందులోనే కనిపిస్తుంది. రంగులు వెలిసినట్టుంటాయి. టాబ్లెట్‌లా చేత్తో పట్టుకుంటే పావుగంటకే మణికట్టు లాగేస్తుంది. ఒళ్లోనో బల్ల మీదో పెట్టుకోవాల్సిందే.

అదే డబ్బుకు మడత లేనిది కొంటే ప్రాసెసరో ర్యామో ఒక మెట్టు పైది వస్తుంది. ఆ మెట్టు వదులుకునేంత పని ఈ మడత చేస్తుందా? చేత్తో రాసే అలవాటుంటే చేస్తుంది, లేకపోతే చేయదు అని నా అభిప్రాయం. మీరేమంటారు?

లెక్కలబండి

నేను గట్టిగా వద్దంటాను. టచ్ పొర, గాజు, తెరను కీబోర్డు భాగానికి కలిపి రెండు వైపులా తిరిగే కీలు, అంటే హింజ్, వీటన్నిటికీ డబ్బవుతుంది. ధర పెంచకూడదు కాబట్టి తయారీదారు ఆ డబ్బును ఇంకెక్కడో కోస్తాడు. ఎక్కడ కోశాడో చూడకుండా కొంటే తర్వాత బాధపడాలి.

మొదటి కోత ర్యామ్‌లో. విండోస్ 11కు కనీసం 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్ ఉండాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. ఆ కనీసంతో సిస్టమ్ ఆన్ అవుతుంది. కానీ బ్రౌజర్, వీడియో కాల్ ఒకేసారి తెరిస్తే ఆయాసపడుతుంది. పైగా ఇలాంటి సన్నటి లాప్‌టాప్‌లలో ర్యామ్‌ను చాలావరకు మదర్‌బోర్డు మీదే టంకం వేసి అతికిస్తారు. తర్వాత పెంచుకుందాంలే అనుకోవడానికి వీలుండదు.

రెండో కోత స్టోరేజ్‌లో. చవక రకాల్లో ఎస్ఎస్‌డీ బదులు ఈఎంఎంసీ అనే నెమ్మది రకం స్టోరేజ్ పెడతారు. అది ఎంత బాగున్నా సెకనుకు 400 ఎంబీ దాటలేదు. ఇప్పుడు మామూలుగా వచ్చే ఎన్‌వీఎంఈ రకం ఎస్ఎస్‌డీ రెండు మూడు వేల ఎంబీ అవలీలగా చదువుతుంది. ప్రకటనలో రెంటినీ "స్టోరేజ్" అనే రాస్తారు. అక్కడే జాగ్రత్త పడాలి.

మూడోది ప్రాసెసర్. చవక వాటిలో కనిపించే ఇంటెల్ ఎన్100లో ఉన్నవి నాలుగు చిన్న కోర్లే (కోర్ అంటే ప్రాసెసర్‌లో లెక్కలు చేసే భాగం). బ్రౌజింగ్‌కు అది చాలు, కాదనను. మడత లేని లాప్‌టాప్‌లో అదే ధరకు కోర్ ఐ3-1215యూ లాంటిది దొరికితే అందులో రెండు పెద్ద కోర్లు, నాలుగు చిన్న కోర్లు ఉంటాయి. నాలుగేళ్లు వాడదామనుకునేవారికి ఆ తేడా రెండో ఏడాది నుంచే తెలుస్తుంది.

ఇంకొకటి. నిలువుగా ఉన్న తెరను చేయి చాచి ముట్టుకుంటూ పని చేస్తే కాసేపటికే భుజం నొప్పెడుతుంది. 2010లో స్టీవ్ జాబ్స్ ఇదే కారణం చూపి, లాప్‌టాప్‌కు నిలువు టచ్ తెర పనికిరాదని వేదిక మీదే చెప్పారు.

అమ్మచేతికర్ర

లెక్కలబండి గారూ, మీ లెక్కలో మనుషులు కనిపించలేదు. మా అమ్మ గురించి చెప్తాను.

అమ్మకు 68 ఏళ్లు. వేళ్ల కీళ్లు నొప్పి. టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లు పెట్టి జరపడం, చిన్న బాణం గుర్తును చిన్న గుర్తు మీదికి తీసుకెళ్లి నొక్కడం, ఇవి నేర్పడానికి మూడు నెలలు ప్రయత్నించి ఓడిపోయాం. ఆవిడకు ఫోన్ వాడడం వచ్చు. టూ-ఇన్-వన్ తెచ్చి కీబోర్డును బోర్లా పెట్టి, తెరను ముందుకు నిలబెట్టాం. మొదటిరోజే తనంతట తానే ఫొటోలు జరుపుతూ చూసింది, అక్షరాలు రెండు వేళ్లతో పెద్దవి చేసుకుని చదివింది. దాని ప్రాసెసర్ ఏమిటో నాకిప్పటికీ గుర్తులేదు.

చేయి నొప్పి అన్నారు. తెర రెండడుగుల దూరంలో నిటారుగా ఉంటే నొప్పే. ఇలా నిలబెట్టినప్పుడు మధ్యలో కీబోర్డు ఉండదు. తెర దగ్గరికొస్తుంది, కాస్త వాలి ఉంటుంది, మోచేయి బల్ల మీద ఆనుతుంది. పైగా మామూలు టచ్ లాప్‌టాప్‌లో వేలు ఆనించిన ప్రతిసారీ తెర వెనక్కి ఊగుతుంది. ఇలా పెట్టినప్పుడు ఆ ఊపు చాలా తగ్గుతుంది. కాబట్టి టచ్ కావాలనుకునేవారికి మడత కూడా అవసరమే అని నేను నమ్ముతాను. మడత లేని టచ్‌స్క్రీన్ సగం పనే చేస్తుంది.

నీలిసిరా గారు "చేత్తో రాయకపోతే వద్దు" అన్నదానికి కూడా నేను ఒప్పుకోను. అమ్మ పెన్ను ముట్టుకోనే లేదు.

మరమ్మతుబల్ల

పదకొండేళ్లుగా లాప్‌టాప్‌లు బాగుచేస్తున్నాను. ప్రాసెసర్ మీద వాదిస్తున్నారు గానీ, నా బల్ల మీదికి వచ్చే టూ-ఇన్-వన్‌లలో ప్రాసెసర్ పోయినవి అరుదు. వచ్చేవి హింజ్ విరిగినవి.

ఎందుకు విరుగుతుందో చెప్తాను. టచ్ తెర వేలు తగిలితే ఊగకూడదు. అందుకని హింజ్‌ను బిగుతుగా చేస్తారు. బిగుతు పెరిగేకొద్దీ తెరిచిన ప్రతిసారీ అంత బలం హింజ్‌ను పట్టుకున్న స్క్రూల మీద పడుతుంది. ఖరీదైన వాటిలో ఆ స్క్రూలు లోహపు చట్రంలోకి వెళ్తాయి. చవక వాటిలో బుష్‌లు అనే, లోపల మరలున్న చిన్న ఇత్తడి గొట్టాల్లోకి వెళ్తాయి, ఆ బుష్‌లు ప్లాస్టిక్‌లో వేడిగా దించి అతికించినవి. ఏడాదో రెండేళ్లో తిప్పాక బుష్ చుట్టూ ప్లాస్టిక్ పగులుతుంది, బుష్ ఊడి వస్తుంది. ఆ తర్వాత తెర తెరిస్తే కింది మూత పైకి లేస్తుంది. అప్పుడైనా ఆపేస్తే బాగుచేయొచ్చు. చాలామంది అలాగే వాడతారు. చివరికి హింజ్ పక్క నుంచి వెళ్లే డిస్‌ప్లే కేబుల్ నలిగి తెర మిణుకుమంటుంది. అప్పుడు తెస్తారు.

అందుకే మూత ఒక మూల పట్టుకుని తెరవకండి. మధ్యలో పట్టుకోండి, లేదా రెండు చేతులతో తెరవండి. ఒక మూల నుంచి లాగితే బలమంతా ఒక్క హింజ్ మీదే పడుతుంది. కొనేముందు నాలుగైదు సార్లు పూర్తిగా తిప్పి చూడండి. కిర్రుమన్నా, మూత మూలలో సందు కనిపించినా ఆ పీస్ వద్దనండి.

తెర సంగతి కూడా వినండి. టచ్ లాప్‌టాప్‌లలో గాజు, టచ్ పొర, ఎల్‌సీడీ చాలావాటిలో ఒకే ముక్కగా అతికించి ఉంటాయి. పైగాజు మాత్రమే పగిలినా మొత్తం మార్చాల్సి వస్తుంది. మామూలు లాప్‌టాప్ ప్యానెల్‌తో పోలిస్తే ఖర్చు బాగా ఎక్కువ. చవక లాప్‌టాప్ అయితే ఆ ఖర్చు విని, కొత్తది కొనుక్కోవడమే నయమని వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. నాకు పని పోయిందని కాదు, బాగున్న లాప్‌టాప్ చెత్తలోకి పోతుందని బాధ.

అమ్మచేతికర్ర గారూ, కీబోర్డు బోర్లా పెట్టేచోట కింద ఒక గుడ్డ వేయండి. దుమ్మూ ఇసుకా కీల కిందికి చేరిన కేసులు చాలా చూశాను. ఇంకోమాట, అయస్కాంతం ఉన్న ఫోన్ కవర్లు లాప్‌టాప్ మీద పెట్టకండి. మూత మూసిందో లేదో పసిగట్టే సెన్సర్ అయస్కాంతంతోనే పనిచేస్తుంది. "కీబోర్డు చచ్చిపోయింది", "తెర దానంతటదే ఆరిపోతోంది" అని తెచ్చినవాటిలో కొన్నింటికి కారణం ఆ కవరే.

గీతలరాత్రి

నేను లెక్కలు చెప్తాను, ఆన్‌లైన్ క్లాసుల్లో రోజూ రెండు గంటలు పెన్‌తో రాస్తాను. పెన్ గురించి ఇక్కడ ఎవరూ సరిగా అడగలేదు.

టచ్‌స్క్రీన్ ఉందంటే పెన్ పనిచేస్తుందని అర్థం కాదు. రబ్బరు మొన ఉన్న మామూలు స్టైలస్ ఏ టచ్ తెర మీదైనా గీస్తుంది, కానీ తెరకు అది వేలుతో సమానం. అరచేయి ఆనితే అక్కడా గీత పడుతుంది. నిజంగా రాయాలంటే యాక్టివ్ పెన్, అంటే లోపల ఎలక్ట్రానిక్స్ ఉండి తెరతో మాట్లాడే పెన్ కావాలి, దాన్ని ఆ తెర గుర్తుపట్టాలి. ఇందులో కూడా రకాలున్నాయి. విండోస్ లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ పెన్ ప్రోటోకాల్ ఒకటి, వాకమ్ ఏఈఎస్ ఒకటి. గూగుల్ క్రోమ్ఓఎస్‌తో నడిచే క్రోమ్‌బుక్‌లలో ఎక్కువగా యూఎస్ఐ. ఒకదాని పెన్ ఇంకోదాని మీద గీయదు. రెండు మూడు రకాలకూ పనిచేసే పెన్‌లు విడిగా దొరుకుతాయి, అయినా మీ మోడల్ పేరు ఆ పెన్ జాబితాలో ఉందో లేదో చూసుకోకుండా కొనకండి. నేను మొదట కొన్నది తెర మీద చుక్క కూడా పెట్టలేదు.

పెన్‌ను ఎంత గట్టిగా నొక్కామో 4096 స్థాయిల్లో గుర్తిస్తుందని పెద్దగా రాస్తారు. రాతకు ఆ అంకె అంత ముఖ్యం కాదు. కొనేచోట స్కేలు ఆనించి, నెమ్మదిగా ఒక ఏటవాలు గీత గీయండి. గీత అలల్లా వంకర పోతే బొమ్మలకు ఆ తెర పనికిరాదు, రాతకు ఫర్వాలేదు. తర్వాత అరచేయి ఆనించి ఒక వాక్యం రాయండి. మధ్యలో పేజీ జరిగిందంటే రోజూ చికాకే. పీడీఎఫ్ మీద రాయడానికి క్సోర్నల్++, బొమ్మలకు క్రిటా, రెండూ ఉచితమే. సాఫ్ట్‌వేర్ కోసం డబ్బు తీసిపెట్టనక్కర్లేదు.

నీలిసిరా గారి మాటే నా మాట. రాసేవారికి ఇది లాప్‌టాప్, నోటుపుస్తకం రెండూ. ప్రాసెసర్ ఒక మెట్టు తగ్గినా నేను మడతే తీసుకుంటాను.

రెండోచెయ్యి

కొత్త చవక దాని బదులు, ఆఫీసుల్లో వాడి తీసేసిన మంచి టూ-ఇన్-వన్ చూడండి. థింక్‌ప్యాడ్ ఎక్స్1 యోగా, హెచ్‌పీ ఎలీట్‌బుక్ ఎక్స్360, డెల్ లాటిట్యూడ్ టూ-ఇన్-వన్ లాంటివి. హింజ్ గట్టిది, తెర మెరుగు. ఎక్స్1 యోగాలో అయితే పెన్ లాప్‌టాప్‌లోనే ఒదిగి ఛార్జ్ అవుతుంది. ఒక్కటి మాత్రం చూసుకోవాలి. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే. ఏడో తరంవి చవగ్గా వస్తున్నాయని తొందరపడకండి. బ్యాటరీ మార్పు ఖర్చు ముందే కలుపుకోండి.

లెక్కలబండి

అమ్మచేతికర్ర గారి మాట నన్ను ఆలోచింపజేసింది. పెద్దవాళ్ల విషయంలో నేను తప్పు చెప్పాను, ఒప్పుకుంటున్నాను. జాబ్స్ మాట నిటారు తెర గురించి, మీ అమ్మగారు వాడేది అలా లేదు.

కానీ చదువుకునే పిల్లకు నా సలహా మారలేదు. బ్యాటరీ లెక్క చూడండి. ఈ ధరలో బ్యాటరీ సామర్థ్యం తరచుగా 40 వాట్-అవర్ల చుట్టూ ఉంటుంది. మామూలు పనిలో లాప్‌టాప్ 7 వాట్లు తీసుకుందనుకుంటే ఆరు గంటల లోపే. తెర మసకగా ఉందని బ్రైట్‌నెస్ పూర్తిగా పెడితే ఇంకా తగ్గుతుంది. మసక తెరకు మూల్యం బ్యాటరీలో కూడా చెల్లిస్తాం. కాబట్టి 300 నిట్స్ దాటినది, 8 జీబీకి తగ్గనిది, అసలు ఎస్ఎస్‌డీ ఉన్నది, ఈ మూడూ టూ-ఇన్-వన్‌లో దొరికితే కొనండి. ఒక్కటి తక్కువైనా మడత వదిలేయండి.

నీలిసిరా

అందరికీ ధన్యవాదాలు. వాదన చదివాక ఊహతో చెప్పడం మానేసి, రెండు వారాలు కాగితం మీద గుర్తులు పెట్టాను. 14 రోజుల్లో తెర పూర్తిగా మడిచింది తొమ్మిదిసార్లు. తొమ్మిదిసార్లూ పెన్ కోసమే. బోర్లా నిలబెట్టింది నాలుగుసార్లు. మడవకుండా వేలితో తెర ముట్టుకున్నది లెక్కపెట్టలేకపోయాను, రోజుకు ఎన్నోసార్లు. అంటే పెన్ గురించి నేననుకున్నది నిజమే, టచ్‌ను మాత్రం తక్కువ చేసి చెప్పాను.

మరమ్మతుబల్ల గారు చెప్పాక మూత మూల చూశాను. ఎడమవైపు గోరు దూరేంత సందు వచ్చింది. ఎనిమిది నెలలూ ఆ మూల పట్టుకునే తెరుస్తున్నాను.

తర్వాత నా లాప్‌టాప్ వారం రోజులు చెల్లికిచ్చాను. తనది కంప్యూటర్స్. మొదటి రెండు రోజులు పెన్‌తో ఇష్టంగా రాసింది. మిగతా ఐదు రోజులు మడవనే లేదు, టైప్ చేస్తూనే ఉంది. కోడ్ ఎడిటర్, బ్రౌజర్, క్లాస్ వీడియో కలిపి తెరిస్తే 8 జీబీ నిండిపోతోందని తనే చెప్పింది. 16 జీబీ ఉన్న మామూలు లాప్‌టాప్ తీసుకుంటున్నాం.

అమ్మచేతికర్ర

మంచి నిర్ణయమే. కానీ వారం చాలదేమో అనిపిస్తోంది. అమ్మ నిలబెట్టి చూడడం మొదటిరోజే మొదలుపెట్టింది గానీ, మడిచి ఒళ్లో పెట్టుకోవడం నాలుగో నెలలో తనకు తానే కనిపెట్టింది. చెల్లి పరీక్షల ముందు ఇంకోసారి ఇచ్చి చూడండి.

మరమ్మతుబల్ల

నీలిసిరా గారూ, గోరు దూరేంత సందు అంటే బుష్ కదలడం మొదలైనట్టే. వారంటీ ఉంటే ఈ వారమే చూపించండి. లేకపోతే కింది మూత విప్పించి హింజ్ స్క్రూలు బిగించమనండి, బుష్ ఊడకముందే అయితే చిన్న పని. అప్పటిదాకా తెర తిప్పకండి.