‘మూడో కంటికి తెలియకుండా’ – ఉపగ్రహ క్వాంటమ్ కీకి ఈ మాట నప్పుతుందా?

ప్రశ్న: “ఉపగ్రహం ద్వారా సందేశం మూడో కంటికి తెలియకుండా చేరుతుంది” అని ఒక వ్యాసంలో రాశాను. నుడికారం సరిగ్గా పడిందా?

జవాబు: నుడికారానికేం, బాగుంది. కన్ను అంటే ఇక్కడ మనిషి. ఇద్దరికి నాలుగు కళ్లు కదా అని లెక్కలు తీయకూడదు. తప్పంతా మిగతా వాక్యంలో ఉంది. ఉపగ్రహం పంపే ఫోటాన్లతో (కాంతి రేణువులతో) ఏర్పడేది కీ మాత్రమే, అంటే సందేశాన్ని గుప్తంగా మార్చే రహస్య బిట్ల (0, 1ల) వరుస. సందేశం ఆ కీతో ఎన్‌క్రిప్ట్ (గుప్తం) అయి మామూలు ఇంటర్నెట్‌లోనే పోతుంది. పైగా మూడో కన్ను చూడటం కుదరదని కాదు, చూస్తే దొరికిపోతుందని. బీబీ84 అనేది ఇలా కీ కుదుర్చుకునే 1984 నాటి పద్ధతి. అందులో ఎవరైనా దారిలో ప్రతి ఫోటాన్‌నూ కొలిచి మళ్లీ పంపితే, ఆ కొలతతో ఫోటాన్ స్థితి చెదిరి, రెండు చివరలా పోల్చుకున్న బిట్లలో నాలుగో వంతు తప్పులు తేలతాయి. తప్పులు సుమారు 11 శాతం దాటితే ఆ కీ పారేయడమే.

మరో జవాబు: అసలు తిరకాసు ఉపగ్రహంతోనే అండీ. చైనా 2016 ఆగస్టులో పంపిన మిసియస్ ఉపగ్రహాన్నే తీసుకోండి. 2017లో బీజింగ్–వియన్నా వీడియో కాల్‌కు అది రెండు దేశాల గ్రౌండ్ స్టేషన్లతో విడివిడిగా కీలు కుదుర్చుకుంది. మొదటిది 1011, రెండోది 0110 అనుకోండి. అంకెలు ఒకటే అయితే 0, వేరైతే 1 వేస్తే 1101. ఉపగ్రహం దీన్ని బాహాటంగా చెప్పేస్తుంది. రెండో స్టేషన్ తన 0110తో కలిపి చూసుకుంటే 1011 వచ్చేస్తుంది. విన్నవాళ్లకు ఏమీ దక్కదు, కానీ ఉపగ్రహానికి రెండు కీలూ తెలుసు. మూడో కన్ను నెత్తిమీదే తిరుగుతోందన్నమాట!

ప్రశ్న: మరి ఫైబర్‌లో పంపితే ఆ బెడద ఉండదుగా?

జవాబు: ఫైబర్‌లో (గాజు తీగలో) కిలోమీటరుకు 0.2 డెసిబెల్ నష్టం; ప్రతి పది డెసిబెల్‌కూ కాంతి పదో వంతుకు పడిపోతుంది. వెయ్యి కిలోమీటర్లకు 200 డెసిబెల్. సెకనుకు వెయ్యి కోట్ల ఫోటాన్లు వదిలినా అవతలికి చేరేది మూడు వందల ఏళ్లకు ఒకటి. ఒంటరి ఫోటాన్ స్థితికి నకలు తీయడం కుదరదు కనుక మధ్యలో యాంప్లిఫయర్లూ పనికిరావు. ఉపగ్రహం నుంచి వచ్చే ఫోటాన్లకు చిక్కటి గాలి చివరి పది కిలోమీటర్లలోనే, కనుక నష్టం తక్కువ. అయితే మబ్బు పట్టినా, పగటి వెలుతురున్నా కష్టమే.

మీ నుడికారం అచ్చంగా నప్పేది 2020 నాటి ప్రయోగానికి. మిసియస్ పెనవేసుకున్న (కొలత ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే) ఫోటాన్ల జంటలో ఒకటి చైనాలోని దెలింగా స్టేషన్‌కు, ఒకటి 1120 కిలోమీటర్ల దూరంలోని నాన్‌షాన్ స్టేషన్‌కు పంపింది. కీ ఏమిటో ఉపగ్రహానికీ తెలియదు. వేగం మాత్రం సెకనుకు 0.12 బిట్. 256 బిట్ల కీకి అరగంట పైమాటే. ఉపగ్రహం ఒక్కో చుట్టులో కనబడేది కొన్ని నిమిషాలే కాబట్టి చాలా రాత్రులు కాచుకోవాలి.

ప్రశ్న: అయితే “మూడో కన్ను పడితే తెలిసిపోయేలా కీ కుదురుతుంది” అని మారుస్తాను.

జవాబు: ‘కన్ను పడితే’ అంటే ఆశపడినట్టో దిష్టి తగిలినట్టో ఉంటుంది. ‘మూడో కన్ను చూస్తే’ చాలు.