9 ఎంఎం తూటా మొత్తం పొడవు ఎంత పెట్టాలి? గరిష్ఠ కొలతకు లోపలే ఉన్నా ఇరుక్కుంది

మూసీ నుంచి ట్రినిటీకి (డాలస్):
అందరికీ నమస్కారం. ఆరు నెలలుగా ఆదివారం పిస్టల్ పోటీలకు వెళ్తున్నాను. కొన్న తూటాల ఖర్చు తట్టుకోలేక ఖాళీ కేసుల్లో (తూటా గొట్టాల్లో) మందు, బుల్లెట్ సొంతంగా నింపుకోవడం మొదలుపెట్టాను. 124 గ్రెయిన్ల బరువున్న గుండ్రటి ముక్కు బుల్లెట్‌కు (తూటా కొసన ఉండి ఎగిరిపోయే ముక్క) తూటా మొత్తం పొడవు 1.150 అంగుళాలు పెట్టాను, ఏ ఇబ్బందీ రాలేదు. పోయిన వారం 147 గ్రెయిన్ల చదును ముక్కు బుల్లెట్లు తెచ్చి అదే పొడవుకు 200 తూటాలు చేశాను. మూడో తూటాకే స్లైడ్ (పిస్టల్ మీద ముందుకూ వెనక్కీ జరిగే భాగం) పూర్తిగా మూసుకోలేదు, వెనక్కి లాగితే రాలేదు. రేంజ్ అధికారి దగ్గరుండి తీయించారు. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఉండిపోయి కేసు ఒక్కటే ఊడి వచ్చింది. మందంతా మ్యాగజైన్‌లో ఒలికింది. ప్రమాణాల ప్రకారం గరిష్ఠం 1.169 కదా, నేను దానికి లోపలే ఉన్నాను. మరి ఎందుకిలా జరిగింది?

ఫీనిక్స్ పెద్దన్న:
తమ్ముడూ, ముందు ఒక మాట చెప్పు. బ్యారెల్‌లో ఉండిపోయిన బుల్లెట్‌ను కడ్డీతో నెట్టి తీశావా? ఆ తర్వాత బ్యారెల్ గుండా వెలుతురు చూశావా? అది అయ్యాకే మిగతా కబుర్లు.
ఇక నీ ప్రశ్న. 1.169 అనేది ప్రమాణాలకు కట్టుబడిన మ్యాగజైన్‌లోనూ చాంబర్‌లోనూ (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) పట్టేందుకు పెట్టిన పైహద్దు. ప్రతి బుల్లెట్‌నూ అక్కడిదాకా పొడుగ్గా ఉంచవచ్చని దాని అర్థం కాదు. గుండ్రటి ముక్కు చివరికి వెళ్లేకొద్దీ సన్నబడుతుంది కనుక రైఫ్లింగ్‌కు (బ్యారెల్ లోపలి మెలి గాళ్లకు) తగలకుండా ముందుకు పోతుంది. చదును ముక్కు బుల్లెట్ పూర్తి లావు చాలా ముందుదాకా ఉంటుంది. అదే పొడవులో దాని భుజాలు రైఫ్లింగ్‌ను గుద్దుకుంటాయి. స్ప్రింగ్ బలానికి మొదటి రెండూ లోపలికి దూరి ఉంటాయి, మూడోది దూరలేదు. కొన్ని పిస్టళ్లలో రైఫ్లింగ్ చాంబర్‌కు మరీ దగ్గరగా మొదలవుతుంది, నీది అలాంటిదేనని అనుకుంటున్నాను.

ఒహాయో అక్క:
ఈ పరీక్ష ఇంట్లోనే చేసుకోవచ్చు. పిస్టల్ ఖాళీ అని రెండుసార్లు చూసుకుని బ్యారెల్ విడదీయండి. ప్రైమర్ (మందును అంటించే భాగం), మందు లేని డమ్మీ తూటా ఒకటి పొడుగ్గా చేయండి. బుల్లెట్ మీద నల్ల మార్కర్ రాసి, బ్యారెల్‌ను నోరు కిందికి ఉండేలా నిలువుగా పట్టుకుని చాంబర్‌లోకి వదలండి. టక్కుమని పడాలి, వేలితో తిప్పితే తిరగాలి, బ్యారెల్ బోర్లిస్తే దానంతటది జారిపోవాలి. జారకపోతే బయటికి తీసి మార్కర్ చూడండి. బుల్లెట్ మీద నిలువు గీతలు పడితే రైఫ్లింగ్ తగులుతోంది. కేసు అంచు దగ్గర గీరుకుపోతే అది పొడవు సమస్య కాదు, కేసు నోటి వెడల్పు సరిగా మూయలేదు. మొదట్లో ఈ తేడా తెలియక నెల రోజులు పొడవు తగ్గిస్తూ పోయాను.
డమ్మీ పొడవు కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోయి, గీతలు ఆగిన పొడవు నుంచి ఇంకో 0.015 అంగుళం తగ్గించి ఉంచుకుంటాను. ఒక్కో బుల్లెట్ ముక్కు ఒక్కోలా ఉంటుంది కాబట్టి ఆ మాత్రం వెసులుబాటు కావాలి.

కృష్ణాతీరం (న్యూజెర్సీ):
అక్కా, మరి పొట్టిగా చేసుకుంటే ఏ గొడవా ఉండదు కదా? నేను అన్నిటినీ 1.060కి దించేస్తాను.

ఫీనిక్స్ పెద్దన్న:
దయచేసి అలా చేయకండి. 9 ఎంఎం కేసు చాలా చిన్నది, గరిష్ఠ పొడవే 0.754 అంగుళం. బుల్లెట్ పొడవు, కేసు పొడవు కూడి అందులోంచి తూటా మొత్తం పొడవు తీసేస్తే, బుల్లెట్ ఎంత లోతుకు దిగిందో తెలుస్తుంది. 0.660 పొడవున్న బుల్లెట్‌ను 1.150కి పెడితే 0.264 లోతు, 1.060కి పెడితే 0.354. ఆ మేరకు మందు కాలే చోటు తగ్గి, అదే మోతాదుకు ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఈ తూటాకు అనుమతించిన గరిష్ఠ ఒత్తిడి 35,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు). మందు తయారీదారు పుస్తకంలో ఆ బుల్లెట్‌కు ఇచ్చిన పొడవుకంటే తగ్గకండి. పైహద్దును బ్యారెల్, మ్యాగజైన్ చెబుతాయి, కిందిహద్దును పుస్తకం చెబుతుంది.

ఒహాయో అక్క:
లోతుగా దిగిన 147 బుల్లెట్ అడుగు కేసు గోడ మందమయ్యే చోటికి చేరి కేసు ఉబ్బుతుంది. లోపల మెట్టు ఉన్న కేసులు కనిపిస్తే పక్కన పడేయండి, వాటిలో చోటు ఇంకా తక్కువ.

కృష్ణాతీరం:
అర్థమైంది, ఇవాళ్టి నుంచి మానేస్తాను. కేసు నోటిని గట్టిగా బిగించి క్రింప్ చేస్తే బుల్లెట్ లోపలికి జారకుండా ఉంటుందా?

ఆరుగదులు (సియాటిల్):
ఉండదు, తమ్ముడూ. బుల్లెట్‌ను పట్టి ఉంచేది కేసు గోడ బిగువు. క్రింప్ మరీ ఎక్కువైతే బుల్లెట్ నలిగి పట్టు సడలుతుంది. తూటాను బల్లకు ఆనించి బొటనవేలితో గట్టిగా నొక్కి, నొక్కక ముందూ తర్వాతా పొడవు కాలిపర్‌తో కొలవండి, తగ్గకూడదు. ఒకే తూటాను మళ్లీ మళ్లీ చాంబర్ చేసినా బుల్లెట్ లోపలికి జారే ప్రమాదం ఉంది.
నేను రివాల్వర్ వాడతాను కాబట్టి నా కథ వేరు. .38 స్పెషల్‌లో బుల్లెట్ మీదున్న గాడే పొడవు నిర్ణయిస్తుంది. క్రింప్ చాలకపోతే కుదుపుకు బుల్లెట్ ముందుకు జరిగి సిలిండర్ తిరగదు.

మెహిదీపట్నం శ్రోత:
హైదరాబాద్‌లో ఉంటూ ఇలా నింపుకోవచ్చా?

ఆరుగదులు:
1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. ఆ ఆలోచనే వద్దు. మీ ఊరి షూటర్ ఈషా సింగ్ పోటీపడే 25 మీటర్ల పిస్టల్‌లో వాడేది .22 రిమ్‌ఫైర్. దాని ప్రైమర్ పదార్థం కేసు అంచులోనే ఉంటుంది, తిరిగి నింపేందుకు వీలుగా చేసింది కాదు.

మూసీ నుంచి ట్రినిటీకి:
పెద్దన్నా, ఆ బుల్లెట్ తీశాను, బ్యారెల్ శుభ్రంగా ఉంది. అక్క చెప్పినట్టే డమ్మీతో చూశాను. మార్కర్ మీద సన్నటి నిలువు గీతలు స్పష్టంగా పడ్డాయి. పొడవు తగ్గిస్తూ పోతే 1.098 దగ్గర ఆగిపోయాయి. పుస్తకంలో ఈ బుల్లెట్‌కు ఇచ్చిన పొడవు 1.080. మరి మిగిలిన 197 తూటాలను అలాగే కిందికి నొక్కేయనా?

ఫీనిక్స్ పెద్దన్న:
మందు ఏ బుల్లెట్‌కు, ఏ పొడవుకు చూసి పోశావు?

మూసీ నుంచి ట్రినిటీకి:
పుస్తకంలో 124 గ్రెయిన్ల బుల్లెట్ పేజీ చూసి పోశాను, అన్నా.

ఫీనిక్స్ పెద్దన్న:
ఆ మోతాదు 147కు ఇచ్చింది కాదు, ఒక్కటి కూడా కాల్చకు. అన్నీ విప్పెయ్యి.

మూసీ నుంచి ట్రినిటీకి:
బుల్లెట్లు ఊడదీసే పుల్లర్‌తో రెండు రాత్రులు కూర్చుని 197 విప్పాను. ఆ మందు పారేశాను. 147 గ్రెయిన్ల పేజీలో ఉన్న ప్రారంభ మోతాదుతో, 1.080 పొడవుతో పది చేశాను. పదీ చాంబర్‌లో టక్కుమని పడ్డాయి, తిరిగాయి, జారాయి. తూటాలు నింపే ప్రెస్ యంత్రంలో అన్ని గదుల్లోనూ కేసులు ఉన్నప్పుడు పొడవు 0.004 పెరుగుతోంది, ఒక్క కేసుతో కొలిచి సర్దుకుంటే తప్పు వస్తుందని అదీ తెలిసింది. ఆదివారం పది తీసుకెళ్లి ఒక్కొక్కటిగా కాల్చి, కేసులు ఎలా వచ్చాయో ఇక్కడ రాస్తాను.