నాపరాయి వంటగట్టు మీద తెల్ల మచ్చలు: రాయి మార్చాల్సిందేనా?

నంద్యాల ఆడపడుచు:
నమస్కారం అండీ. నంద్యాలలో మా పుట్టింట్లో వంటగట్టు కడప బండ, అదే నాపరాయి. ఒకప్పుడు నల్లగా నిగనిగలాడేది. ఇప్పుడు నిమ్మచెక్కలు పెట్టేచోట గుండ్రంగా, చారు ఒలికినచోట చారికలుగా తెల్లబడింది. సింకు చుట్టూ ఇంకా ఎక్కువ. సబ్బు, వంటసోడా, పీచు అన్నీ అయ్యాయి. తడిగుడ్డతో తుడిస్తే నల్లగానే కనిపిస్తుంది, ఆరిందంటే మచ్చ మళ్లీ ప్రత్యక్షం. మేస్త్రీ పగలగొట్టి గ్రానైట్ వేయించమంటున్నాడు. అమ్మ ససేమిరా అంటోంది. పక్కింటివాళ్లేమో బాత్రూమ్ యాసిడ్ ఒక్కసారి పోసి కడిగితే చాలంటున్నారు. పోయొచ్చా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

బండల పాలిష్, ప్రొద్దుటూరు:
యాసిడ్ మాత్రం పోయొద్దక్కా. నేను చేసేది ఈ పనే, అందుకే గట్టిగా చెబుతున్నా.

నాపరాయి అంటే సున్నపురాయి. మా పక్కన ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు తవ్వుకునేదీ సున్నపురాయే. జమ్మలమడుగు, బేతంచెర్ల వైపు ఇది పొరలు పొరలుగా దొరుకుతుంది కాబట్టి బండలుగా లేపడం తేలిక. అందులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం, చింతపండు, వెనిగర్, ఏ పులుపు తగిలినా పైపొర కాస్త కరిగిపోతుంది. బాత్రూమ్ యాసిడ్‌లో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. అది పోస్తే బుసబుసా పొంగుతుంది. ఆ నురగ చూసి మురికి వదులుతోందనుకుంటారు. అక్కడ కరుగుతున్నది మీ గట్టు.

చారు పడినచోట పాలిష్ పోయి రాయి గరుకుబడింది. ఆ గరుకు మీద వెలుతురు చెదిరిపోయి తెల్లగా కనిపిస్తోంది. తడి చేస్తే ఆ సన్నటి గుంతల్లో నీళ్లు నిండుతాయి, లోపలి నలుపు పైకి తేలుతుంది. నూనె రాస్తే జరిగేదీ అదే. రెండు రోజులు బాగుంటుంది, తర్వాత దుమ్ము పట్టి జిడ్డుగా తయారవుతుంది. అక్కడ తుడిచేయడానికి పైన ఏమీ లేదు కాబట్టి పీచుతో ఎంత రుద్దినా ఫలితం ఉండదు. మళ్లీ నూరి పాలిష్ పెట్టాలి, అంతే.

సింకు పక్కది వేరే సంగతి కావచ్చు. మీది బోరు నీళ్లా? పాత బ్లేడు ఏటవాలుగా పెట్టి మెల్లగా గీకి చూడండి. పొడి రాలితే అది నీళ్ల ఉప్పు. ఏమీ రాలకపోతే పులుపు రాయిని తినేసినట్టు.

చీమకుర్తి కుర్రాడు:
ఇంత శ్రమ ఎందుకన్నా, గ్రానైట్ వేయించుకుంటే పోలేదా? మా చీమకుర్తి గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ మీద నిమ్మకాయ పిండినా చెక్కుచెదరదు.

బండల పాలిష్, ప్రొద్దుటూరు:
నిజమే తమ్ముడూ, కొత్త ఇల్లయితే నేనూ అదే చెబుతా. మీ గెలాక్సీని గ్రానైట్ అనే అమ్ముతారు కానీ అది గాబ్రో జాతి రాయి. అందులో ఎక్కువగా ఉండే ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజానికి కాఠిన్యం పదికి 6, మా సున్నపురాయిలో ఉండే కాల్సైట్‌కి 3. కత్తి గీతలు పడేది సున్నపురాయి మీదే. కానీ ఉన్న గట్టు లేపాలంటే గోడ టైల్స్ పగులుతాయి, సింకు ఊడదీయాలి, పైపులు కదులుతాయి. పాలిష్ పోయినందుకు గట్టిగా ఉన్న బండను పగలగొట్టడం నాకు సుతరామూ ఇష్టం లేదు. కొత్తది కొనేవాళ్లు మాత్రం ఒకటి చూసుకోండి: థిన్నర్‌లో ముంచిన తెల్లగుడ్డతో రుద్దండి, గుడ్డకి నలుపు అంటితే ఆ రాయికి రంగు వేశారన్నమాట.

కెమిస్ట్రీ టీచర్:
ఒక సందేహం. మార్బుల్ కూడా కాల్షియం కార్బొనేటే కదా, దాని పాలిష్‌కి ఆక్సాలిక్ పౌడర్ వాడతారు. అదీ యాసిడే. మరి అదెలా?

బండల పాలిష్, ప్రొద్దుటూరు:
మంచి ప్రశ్న సార్. మిగతా పులుపులతో వచ్చే లవణం చాలావరకు నీళ్లలో కలిసి పోతుంది. ఆక్సాలిక్‌తో వచ్చే కాల్షియం ఆక్సలేట్ కరగదు, రాయి మీదే సన్నటి పొరగా నిలుస్తుంది. మిషన్ కింద రాపిడికి అది మెరుపు పట్టుకుంటుంది. కానీ ఆక్సాలిక్ పౌడర్ విషం. వంటగట్టు మీద, అదీ ఇంట్లోవాళ్లు సొంతంగా వాడొద్దనే చెబుతాను.

నంద్యాల ఆడపడుచు:
బోరు నీళ్లేనన్నా. సింకు దగ్గర బ్లేడుతో గీకితే తెల్ల పొడి రాలింది, కింద నలుపు బయటపడింది. నిమ్మచెక్కల చోట మాత్రం ఏమీ రాలేదు. వేలు పెడితే కాస్త గరుకుగా తగులుతోంది.

బండల పాలిష్, ప్రొద్దుటూరు:
అయితే సగం పని బ్లేడుతోనే అయిపోతుంది. తడి చేసుకుంటూ ఏటవాలుగా గీకండి, మొన తగిలితే గీత పడుతుంది. ఆ పొడి కూడా చాలావరకు కాల్షియం కార్బొనేటే, దాన్ని కరిగించే యాసిడ్ బండనీ వదలదు.

గరుకు చోట్లకి హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) తెచ్చుకోండి: 400, 800, 1500, 2000, నంబరు పెరిగేకొద్దీ నున్నన. చిన్న చెక్కముక్కకి చుట్టి, నీళ్లు చల్లుకుంటూ మచ్చ దాటి జానెడు దూరం వరకు రుద్దండి. మచ్చ మీదే రుద్దితే గుంత పడుతుంది. నంబరు మార్చే ముందు శుభ్రంగా కడిగి, ఆరాక చూడండి. తడి మీద అన్నీ బాగున్నట్టే ఉంటాయి. 400 గీతలు పూర్తిగా పోయేదాకా 800 వదలొద్దు, చాలామంది తొందరపడేది అక్కడే. ముందు స్టవ్ వెనకాల కనపడని మూల ఒకటి చేసి అమ్మకి చూపించండి. గట్టు మొత్తం కావాలంటే మాత్రం మిషన్, డైమండ్ ప్యాడ్లు ఉన్నవాళ్లనే పిలవండి.