ముప్పయ్యేళ్ల నాటి క్యాంపు ట్రైలరును బాగుచేయాలి: ఎక్కడ మొదలు పెట్టాలి?

ప్రశ్న (దేవరకొండ నుంచి)

అందరికీ నమస్కారం. మా పెదనాన్న గారు దేవరకొండ, చింతపల్లి ప్రాంతాల్లో బోరుబావులు వేయించే కాంట్రాక్టరుగా పనిచేశారు. రిగ్గు వెంట ఉండే మనుషులు రాత్రిళ్లు పడుకోవడానికి, వండుకోవడానికి ఆయన 1990ల తొలినాళ్లలో ఒక నివాస ట్రైలరును కట్టించారు. 14 అడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు, ఒకే ఇరుసు, రెండు చక్రాలు. లోపల చెక్క చట్రం, దానిపై రివెట్లతో బిగించిన అల్యూమినియం రేకు. ఆయన కాలం చేసిన తర్వాత అది పొలం దగ్గర రేకుల కొట్టం పక్కనే ఉండిపోయింది.

దానిని మళ్లీ నిలబెట్టి, పిల్లలతో నాగార్జునసాగర్, సోమశిల, శ్రీశైలం వెళ్లి రావాలని మా ఇంట్లో అందరికీ కోరికగా ఉంది. ప్రస్తుతం పైకప్పు మూలల నుంచి వాన నీరు కారుతోంది, తలుపు దగ్గర నేల చెక్క మెత్తబడింది, ఒక పక్క గోడ అడుగుభాగంలో చెదలు కనిపిస్తున్నాయి. చక్రాల కుదుపును మింగే కమాన్ పట్టీలు తుప్పు పట్టాయి. పాత ఆర్‌సీ పుస్తకం మాత్రం భద్రంగా ఉంది, ఏపీ 24 నంబరు. లాగడానికి మా బొలెరో ఉంది. ముందు లోపలి మంచాలు, వంటగట్టు చేయించి, వానాకాలం తర్వాత మిగతావి చూద్దామని వడ్రంగి అంటున్నారు. ఈ క్రమం సరైనదేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1 (మిర్యాలగూడ, ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడిపేవారు)

నమస్కారం అండి. మీ పెదనాన్న గారి బండిని పాత ఇనుము కింద అమ్మేయకుండా ఉంచినందుకు ముందుగా సంతోషం. అయితే మంచాలతో, వంటగట్టుతో మొదలు పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను. ట్రైలరు బాగుపడుతుందో లేదో తేల్చేది దాని అడుగుభాగం. లోపల ఎంత ఖర్చు పెట్టినా ఛాసిస్‌లో, అంటే అడుగున ఉండే ఇనుప చట్రంలో, పగులు ఉంటే ఆ ఖర్చంతా విప్పి పక్కన పెట్టవలసి వస్తుంది.

బండిని జాకీలపై ఎత్తి, రెండు చక్రాలూ విప్పి, ఛాసిస్ ఛానెళ్లను చిన్న సుత్తితో పొడుగునా తట్టుకుంటూ వెళ్లండి. గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పు తిన్న చోట శబ్దం మొద్దుబారుతుంది. ప్రత్యేకంగా రెండు చోట్ల చూడాలి: కమాన్ పట్టీలను వేలాడదీసే బ్రాకెట్ల చుట్టూ, త్రికోణాకారపు ముందు నొగ ఛాసిస్‌తో కలిసే చోట. సన్నని పగులు కనిపిస్తే దానిపై వెల్డింగు గీత ఒక్కటే వేయించవద్దు. పగులు చివర చిన్న రంధ్రం వేయించి, వెల్డింగు చేసి, పైన అదనపు పట్టీ వేయించాలి, లేకపోతే ఆ గీత పక్కనే మళ్లీ చీలుతుంది. తుప్పును పూర్తిగా గీకిన తర్వాతే ఎపాక్సీ ప్రైమరు, దానిపై రంగు.

కమాన్ పట్టీల్లో ఆకులు పలచబడి ఉంటే కట్ట మొత్తం మార్చండి. బుష్షులు, యూ బోల్టులు ఎలాగూ కొత్తవే వేయాలి. హబ్బు విప్పి పాత గ్రీజు కడిగి బేరింగులను చూడండి. రోలర్లపై నీలి మచ్చలు, గుంటలు ఉంటే అవి పనికిరావు. టైర్లకు పైన గాట్లు లోతుగా కనిపించినా నమ్మవద్దు. పక్క గోడపై అచ్చు వేసిన నాలుగంకెలు చూస్తే 2319 అన్నట్టు ఉంటుంది, అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. ఎండలో ఏళ్ల తరబడి ఒకే చోట నిలిచిన టైరు గాలి నింపగానే బాగానే కనిపిస్తుంది, రోడ్డెక్కి వేడెక్కాక విచ్చుకుపోతుంది.

బరువు సంగతి కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. మా మిర్యాలగూడలో రైసు మిల్లుల పుణ్యమా అని ధర్మకాంటాలకు కొదవ లేదు. ఖాళీ బండిని ఒకసారి, పని పూర్తయి నీళ్లూ సామానూ ఎక్కించాక ఇంకోసారి తూయించండి. మొత్తం బరువులో కొంత బొలెరోకు తగిలించే ముందు కొండీ మీద పడాలి. ఐరోపాలో 5 నుంచి 7 శాతం అంటారు, అమెరికాలో 10 నుంచి 15 శాతం అంటారు. బొలెరో, హుక్కు ఎంత మోయగలవో వాటి కాగితాల్లో చూసి ఆ హద్దులోనే ఉండండి. వెనుక భాగంలో బరువు పెరిగి ముందు కొండీ తేలికైతే వేగం అందుకున్నప్పుడు ట్రైలరు అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది, ఆ ఊపును స్టీరింగుతో సరిచేయడం చాలా కష్టం. అందుకే వంటగట్టు, నీళ్ల ట్యాంకు ఎక్కడ పెట్టాలన్నది వడ్రంగి ఒక్కడే నిర్ణయించే విషయం కాదు, ఇరుసు ఎక్కడుందో చూసి నిర్ణయించాలి.

చెదలు పట్టిన చెక్క చట్రం పూర్తిగా తీసేసి 25 మిల్లీమీటర్ల ఇనుప చదరపు పైపుతో కట్టించుకుంటే మీకు మళ్లీ ఆ బాధ ఉండదని నా సలహా.

సమాధానం 2 (మహబూబ్‌నగర్, బస్సు బాడీల పనిలో ఉన్నవారు)

పై అన్న గారు ఛాసిస్ గురించి చెప్పిన ప్రతి మాటా నిజం. ఇనుప పైపు విషయంలో మాత్రం నేను ఏకీభవించలేను. రెండు మిల్లీమీటర్ల మందం ఉన్న 25 మిల్లీమీటర్ల ఇనుప పైపు మీటరుకు దాదాపు 1.4 కిలోలు తూగుతుంది, అదే పనికి సరిపోయే టేకు కర్ర 600 గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది. ఇరుసు మోయగలిగే హద్దు మనకు తెలియని పాత బండికి ఆ తేడా చిన్నది కాదు. పైగా ఇనుము బయటి వేడిని చెక్క కంటే కొన్ని వందల రెట్లు ఎక్కువగా లోపలికి తెస్తుంది, మే నెలలో ప్రతి పైపూ గోడలో వేడి గీతలా తగులుతుంది. ఇంకొకటి, ఇనుమూ అల్యూమినియమూ తడిలో ఒకదానికొకటి ఆనుకుని ఉంటే అల్యూమినియం తెల్లని పొడిగా రాలిపోతుంది. తలుపు చట్రం వంటి చోట్ల ఇనుము తప్పనిసరి అయితే రెండింటి మధ్య రబ్బరు పట్టీ వేయించండి.

అందుకే ముందు గోడ అడుగు వరుస రివెట్లను డ్రిల్లుతో తీసి, రేకును కొద్దిగా పైకి లేపి చూడండి. పదునైన స్క్రూడ్రైవరుతో కర్రను పొడిస్తే గట్టిగా ఉన్నది ఎంతవరకో తెలుస్తుంది. ఎక్కువ సందర్భాల్లో అడుగు పట్టె, మూలల నిలువు కర్రలు మాత్రమే పాడవుతాయి, ఎందుకంటే పైకప్పు మూలలో కారిన నీరు గోడ లోపలి నుంచి దిగి అక్కడ నిలుస్తుంది. పాడైన దానికి ఒక జానెడు పైనుంచి కోసి, ఏటవాలు అతుకుతో కొత్త టేకు కర్రను జిగురు, స్టీలు స్క్రూలతో కలపవచ్చు. రేకును మొత్తంగా ఊడదీయవద్దు, పాత అల్యూమినియం ఒకసారి మడతపడితే మళ్లీ నునుపుగా రాదు. ఈ రకం నిర్మాణానికి పెద్ద చరిత్ర ఉంది. అమెరికాలో ఎయిర్‌స్ట్రీమ్ వారు 1936లో తెచ్చిన క్లిప్పర్ నమూనా కూడా రివెట్లతో బిగించిన అల్యూమినియం బాడీనే, అక్కడ పాత ట్రైలర్లను బాగుచేసేవారు ఈనాటికీ అసలు పాత రేకును కాపాడుకోవడానికే ఎక్కువ శ్రమ పడతారు.

నీరు ఎక్కడ దూరుతోందో కనుక్కోవడానికి వాన కోసం ఎదురు చూడనవసరం లేదు. కిటికీలు, తలుపు మూసి, సందుల్లో టేపు వేసి, ఒక బ్లోయరుతో గాలిని లోపలికి పంపండి. బయట అతుకులన్నిటి మీద సబ్బు నీళ్లు పూస్తే నీరు దూరే ప్రతి చోటా బుడగలు పొంగుతాయి. చాక్‌పీసుతో గుర్తు పెట్టుకోండి.

ఆ అతుకులకు మార్కెట్లో దొరికే మామూలు సిలికాన్ పూయవద్దు. వెనిగరు వాసన వచ్చే రకం లోహాన్ని తింటుంది, ఎండిన సిలికాన్ మీద తర్వాత రంగు గానీ వేరే సీలెంటు గానీ పట్టదు. మూల పట్టీలను విప్పి, పాత మడ్డిని ప్లాస్టిక్ గరిటెతో గీకి, కింద రబ్బరు బంకలా అతుక్కునే బ్యూటైల్ టేపు పరిచి మళ్లీ బిగించి, అంచున పాలీయురేథేన్ సీలెంటు గీత వేయాలి. పట్టీ విప్పకుండా పైపైన పూసిన ఏ మందూ రెండో వానాకాలం దాటదు.

నేలకు ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్ 12 మిల్లీమీటర్లది చాలు. 8 బై 4 షీటు 23 కిలోల చుట్టుపక్కల ఉంటుంది, 19 మిల్లీమీటర్లది తీసుకుంటే ఒక్కో షీటుకు 14 కిలోలు ఊరికే పెరుగుతాయి. కోసిన అంచులకు ఎపాక్సీ పూయించడం మరవవద్దు, ప్లైవుడ్ నీరు తాగేది అక్కడి నుంచే. చెదలు మట్టి నుంచి ట్రైలరును నిలబెట్టే స్టాండ్ల మీదుగా ఎక్కుతాయి కాబట్టి బండి నిలిపే చోట స్టాండ్ల కింద నాపరాళ్లు వేసి, ఆ రాళ్ల చుట్టూ మట్టి పేరుకోకుండా చూసుకోండి.

గోడ విప్పినప్పుడే వేడిని ఆపే 25 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ నురుగు షీటు లోపల అమర్చండి, అది నీరు పీల్చదు. పైకప్పుకు ఎండను తిప్పికొట్టి లోపలి వేడిని తగ్గించే తెల్లని కూల్ రూఫ్ రంగు వేయించండి. 2023లో మన రాష్ట్ర ప్రభుత్వం ఇళ్ల కోసం ప్రకటించిన కూల్ రూఫ్ విధానం వెనుక ఉన్న సూత్రమే దీనికీ వర్తిస్తుంది, పలుచని రేకు పైకప్పుకు ఆ మేలు ఇంకా ఎక్కువగా తెలుస్తుంది.

సమాధానం 3 (నల్లగొండ నుంచి)

కాగితాల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి క్లుప్తంగా రాస్తున్నాను. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం ట్రైలరు కూడా విడిగా రిజిస్టరు కావలసిన వాహనమే. యజమాని కాలం చేశారు కనుక పేరు మార్పుకు ఫారం 31 వాడాలి, మామూలు అమ్మకానికి వాడే 29, 30 ఫారాలు కావు. పెద్దమ్మ గారు, వారి పిల్లలు ఉంటే వారి అంగీకారం రాతపూర్వకంగా తీసుకోండి. సొంత వాడకపు వాహనంగా నమోదై ఉంటే 15 ఏళ్ల గడువు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది, పునరుద్ధరణకు ఫారం 25. రవాణా వాహనంగా ఉంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలి. పుస్తకంలో ఏమని రాసి ఉందో చూసి, ఛాసిస్ మీద వెల్డింగు మొదలు పెట్టక ముందే రవాణా కార్యాలయంలో మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును కలవండి. ఛాసిస్ నంబరు ఉన్న చోట గ్రైండరు తగలనివ్వకండి. 52వ సెక్షను ప్రకారం ఆర్‌సీలోని వివరాలకు భిన్నంగా మార్పులు చేయకూడదు, అందువల్ల పొడవు, ఇరుసుల సంఖ్య ఉన్నవి ఉన్నట్టే ఉంచడం మేలు. బొలెరో బీమాలో ట్రైలరును కూడా చేర్పించాలి.

ప్రశ్న వేసినవారు

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. వడ్రంగి పని ఆపించాను. పెద్దమ్మ సంతోషంగా సంతకం చేస్తానన్నారు. ఆర్‌సీలో సొంత వాడకమనే ఉంది. ఈ వారం చక్రాలు విప్పిస్తాను. ఇంకొక్క సందేహం: వేసవిలో పిల్లలు పడుకోవాలంటే ఏసీ పెట్టి, సోలారు మీద నడపడం సాధ్యమేనా? పాత వైర్లు ఉన్నాయి, వాటినే వాడవచ్చునా?

సమాధానం 4 (జడ్చర్ల, సోలారు పనులు చేసేవారు)

ఏసీ సంగతి ముందు చెబుతాను. ఒక టన్ను ఏసీ పూర్తిగా పనిచేస్తున్నప్పుడు గంటకు దాదాపు ఒక యూనిట్ కరెంటు తీసుకుంటుంది. 12.8 వోల్టుల, 100 ఆంపియర్ అవర్ల లిథియం ఫాస్ఫేట్ బ్యాటరీలో మొత్తం ఉండేది 1.28 యూనిట్లే. కాబట్టి కరెంటు ప్లగ్గు దొరికే చోట మాత్రమే ఏసీ నడుస్తుందని అనుకుని, మిగతా వ్యవస్థను ఫ్యాన్లకు కట్టుకోండి.

తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాను పది గంటలు తిరిగితే 300 వాట్ అవర్లు, 12 వోల్టుల చిన్న ఫ్రిజ్ రోజుకు 450 చుట్టుపక్కల, దీపాలు, ఫోన్లు కలిపి 100. మొత్తం 850, అంటే 0.85 యూనిట్. పైన చెప్పిన ఒక్క బ్యాటరీ, 300 వాట్ల ప్యానెళ్లు, ప్యానెళ్ల కరెంటును బ్యాటరీకి తగ్గట్టు సర్దే ఒక ఎంపీపీటీ కంట్రోలరుతో మన ఎండకు ఇది హాయిగా సరిపోతుంది. అయితే మన వేసవి బ్యాటరీకి మంచిది కాదు. చాలామంది తయారీదారులు సెల్ వేడి 45 డిగ్రీలు దాటితే ఛార్జింగు వద్దంటారు, మూసిన బండిలో మధ్యాహ్నం అది సులువుగా దాటుతుంది. బ్యాటరీని పైకప్పు కింద గానీ ఎండ తగిలే గోడకు ఆనించి గానీ పెట్టవద్దు, మంచం కింద నేలకు దగ్గరగా, గాలి ఆడే పెట్టెలో ఉంచండి.

పాత వైర్లను పూర్తిగా తీసేయండి. 12 వోల్టుల దగ్గర ఇంటి లెక్కలు పనిచేయవు. పది ఆంపియర్ల కరెంటు ఒక చదరపు మిల్లీమీటరు రాగి తీగలో ఆరు మీటర్లు వెళ్లి తిరిగి వస్తే రెండు వోల్టులకు పైగా దారిలోనే పోతుంది, ఫ్యాను నీరసంగా తిరుగుతుంది, తీగ వేడెక్కుతుంది. అదే దూరానికి ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం అర వోల్టు లోపే. బ్యాటరీ ప్లస్ కొసకు వీలైనంత దగ్గరగా ఫ్యూజు పెట్టించడం మాత్రం ఏ కారణం చేతనూ వాయిదా వేయకండి.

సమాధానం 5 (అచ్చంపేట నుంచి)

మీరు శ్రీశైలం అన్నారు కనుక రెండు విషయాలు. మన్ననూరు దాటాక అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలను అనుమతించరు. ట్రైలరుతో మెల్లగా వెళతారు కాబట్టి మధ్యాహ్నానికే చెక్‌పోస్టు దాటేలా బయలుదేరండి. దోమలపెంట దాటి డ్యాము వైపు దిగే ఘాటులో వంపులు బిగువుగా ఉంటాయి. ట్రైలరు ముందుకు నెట్టే బలంతోనే పనిచేసే ఓవర్‌రన్ బ్రేకు అమర్చుకోకుండా ఆ దారి పట్టవద్దు. కొండీ కింద రెండు గొలుసులు ఒకదానినొకటి దాటేలా వేసి, రెండో గేరులోనే దిగండి.

రెండోది గ్యాసు. వంటగ్యాసు గాలి కంటే బరువైనది, లీకైతే నేల మీదనే పేరుకుంటుంది. పెద్ద సిలిండరు వద్దు, 5 కిలోలది నొగ మీద బయటి పెట్టెలో నిలువుగా కట్టి, ఆ పెట్టె అడుగున రంధ్రాలు ఉంచండి. లోపల పొయ్యి పక్కన కూడా నేల మట్టంలో ఒక జాలీ పెట్టించాలి, పడుకున్నప్పుడు దానికి గుడ్డలు అడ్డు పెట్టకూడదు. ప్రయాణంలో రెగ్యులేటరు తీసి ఉంచండి. నీళ్లు మాత్రం ఇంటి దగ్గర మిషన్ భగీరథ నల్లా నుంచే నింపుకుని బయలుదేరండి, దారిలో బోరు నీళ్లు కాచి తాగితే సరిపోతుందని అనుకోవద్దు, కాచడం వల్ల ఫ్లోరైడు పోదు. వంద లీటర్ల ట్యాంకు అంటే వంద కిలోలు, అది ఇరుసుకు సరిగ్గా పైన ఉండేలా చూడండి.