ఫైటేజ్ కలిపితే డీసీపీ పూర్తిగా ఆపవచ్చా?

నర్సంపేట రైతు:
కోళ్ల దాణా సొంతంగా కలుపుకుంటాం. ఏనుమాముల మార్కెట్‌లో కొన్న మొక్కజొన్న, సోయా చెక్క, విటమిన్లు, ఖనిజాల ప్రీమిక్స్, టన్నుకు 12 కిలోల డీసీపీ (భాస్వరం, కాల్షియం ఇచ్చే డైకాల్షియం ఫాస్ఫేట్). ఇప్పుడు మందుల దుకాణం ఆయన ఫైటేజ్ అనే ఎంజైమ్ పొడి చూపించి, టన్నుకు 100 గ్రాములు వేస్తే డీసీపీ అక్కరలేదు, ఆ 12 కిలోల చోటు రాతిపొడితో (సున్నపురాయి పొడి) నింపు అంటున్నాడు. బరువు తగ్గదట. నా భయం బరువు కాదు, కాళ్లు. కోళ్లు ఎత్తే రోజు కాలు విరిగిన దాన్ని వ్యాపారి పక్కన పడేస్తాడు. ఎముక గట్టిపడిందో లేదో ముందే తెలుసుకునే దారి ఉందా?

జమ్మికుంట అన్న:
ఫైటేజ్ మంచిదే తమ్ముడూ, నేనూ వాడుతున్నాను. డీసీపీ తగ్గించాను కానీ మానలేదు.

హనుమకొండ రిటైర్డ్ పశువైద్యుడు:
దుకాణం ఆయన చెప్పింది సగం నిజం. మిగతా సగమే కాళ్లు విరగ్గొడుతుంది.

మొక్కజొన్న, సోయాల్లోని భాస్వరంలో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటేట్‌గా ముడిపడి ఉంటుంది. కోడి దాన్ని సరిగా విప్పుకోలేదు, చాలావరకు రెట్టలో పోతుంది. ఫైటేజ్ ఆ ముడి విప్పుతుంది, అంతవరకు సరే. కానీ డీసీపీలో భాస్వరం 18 శాతం. 12 కిలోలు తీసేస్తే టన్నుకు రెండు కిలోలకు పైగా భాస్వరం పోతుంది. కిలో దాణాకు 500 ఎఫ్‌టీయూ (ఫైటేజ్ బలాన్ని కొలిచే యూనిట్లు) చొప్పున వేస్తే మామూలుగా లెక్కలోకి తీసుకునేది టన్నుకు కిలో, మహా అయితే కిలోన్నర భాస్వరం.

ఇక ఆ రాతిపొడి సలహా మరీ అన్యాయం! డీసీపీలో కాల్షియం సుమారు 23 శాతం, రాతిపొడిలో 38. కిలోకు కిలో మారిస్తే టన్నుకు 1.8 కిలోల కాల్షియం ఎక్కువవుతుంది. అది పేగులో ఫైటేట్‌తో కలిసి గడ్డకడితే ఎంజైమ్‌కు అందేదేముంది? 5 కిలోల డీసీపీ తగ్గించండి, బదులుగా 3 కిలోల రాతిపొడి చాలు.

బరువును నమ్మకపోవడం మంచి పని. ఒళ్లు పెరగడానికి సరిపోయే భాస్వరం ఎముక నిండడానికి చాలదు. ప్రయోగశాలలో కాలి ఎముకకు కొవ్వు తీసి, ఆరబెట్టి, 600 డిగ్రీల దగ్గర కాల్చి బూడిద తూస్తారు. ఆ బూడిదే ఎముకలోని ఖనిజం. మామునూరు పశువైద్య కళాశాలలో అడిగి చూడండి. షెడ్డులో అయితే చచ్చిన కోడి కాలి ఎముకను వంచండి. టక్కున విరగాలి, రబ్బరులా వంగితే ఖనిజం పట్టలేదు. జాలీ కట్టి ఒక పక్క పాత దాణాయే నడపండి, పోల్చడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.

హుజూరాబాద్ దాణా మిల్లు:
పొట్లం మీద ఎఫ్‌టీయూ ఎంతో చూడండి. గ్రాముకు 5000 ఉంటేనే 100 గ్రాములకు డాక్టరుగారు చెప్పిన 500 వస్తుంది. ముందు కొద్ది పిండిలో కలిపి, తర్వాతే మిక్సర్‌లో వేయండి. పెల్లెట్ (గుళికలు) చేయిస్తే వేడికి తట్టుకునే రకం కావాలి.

నర్సంపేట రైతు:
మాది పిండి దాణాయే. పొట్లం మీద గడువు తేదీ, కోడి బొమ్మ ఉన్నాయి, ఎఫ్‌టీయూ ఊసే లేదు. రేపు తిరిగి ఇచ్చేస్తాను. డాక్టరుగారూ, మొదటి పది రోజుల పిల్లల దాణాలో కూడా 5 కిలోలు తగ్గించవచ్చా?

హనుమకొండ రిటైర్డ్ పశువైద్యుడు:
వద్దు. ఎముక వేగంగా కట్టుకునేది అప్పుడే. ఆ దాణా జోలికి వెళ్లకండి.